యాభైకి యాభై

శనివారం పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించేయాలన్నది కృష్ణచైతన్య వేసుకున్న లెక్క. ఐదుగురు పెద్దవాళ్ళు, ఐదు జతల బూట్లు, ఐదు కాగితాలు. సింగపూర్ బుకిట్ బటోక్‌లో వాళ్ళుండే బ్లాకు వెనకాలే గుట్ట మీద పార్కు. వచ్చినవాళ్ళు బూట్లు వేసుకుని నడుస్తారు, కాగితాల మీద మార్కులు వేస్తారు, ఇళ్ళకి పోతారు. తొమ్మిదింటికి కూతురు సరయుని ఈత క్లాసుకి తీసుకెళ్ళచ్చు. ఇంత చిన్న పని చెడిపోవడానికి సందెక్కడుందని అతని ధీమా.

పని చిన్నదే గానీ దాన్ని పట్టుకుని వేలాడుతున్నది పెద్దది. ఐటీ కంపెనీలో ఉద్యోగం ఊడి, ఇక పన్నెండు రోజుల్లో దేశం వదలాలనగా దొరికిన కొలువిది. బూట్లు దిగుమతి చేసి దుకాణాలకి సరఫరా చేసే చిన్న కంపెనీ. అందులో ఇతను బూట్లని పరీక్ష చేయించి రిపోర్టులు రాయాలి. ఆరు నెలల ప్రొబేషన్ సోమవారంతో ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం చేస్తే సరే. చెయ్యకపోతే నెల తిరక్కుండా సామాన్లు సర్దుకోవాలి, సరయుని మూడో తరగతి మధ్యలో బడి మాన్పించాలి. ఈ సంగతి బయటికి పొక్కకూడదని మొగుడూ పెళ్ళాం ఒట్టేసుకున్నారు. అందుకే నిఖిల ఎవరికీ చెప్పలేదు, ఒక్క నాగరత్నం ఆంటీకి తప్ప.

పరీక్ష చెయ్యాల్సిన బూట్లు మామూలువి కావు. మడమ కింద నాలుగు వేళ్ళ మందాన మెత్తటి నురుగు. తెల్లగా, లావుగా, నొక్కితే లోపలికి దిగి మళ్ళీ పైకి లేచేవి. సరయు వాటిని చూడగానే ఇడ్లీ షూస్ అని పేరు పెట్టేసింది. పేరుకి పరుగు బూట్లే గానీ, అతని యజమానురాలు లిమ్ మేడమ్ లెక్క వేరు. పరిగెత్తేవాళ్ళకి ఏం కొనుక్కోవాలో వాళ్ళకి తెలుసు, ఇలాంటి మెత్తటి బూట్లు ఎగబడి కొనేది మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, కాబట్టి యాభై దాటిన మామూలు మనుషులతో నడిపించి సౌకర్యమెంత, నిలకడెంత తేల్చుకుని రమ్మంది. బాగుంటే వెయ్యి జతలు తెప్పిస్తుందట. సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి అవతలి కంపెనీకి మాట ఇవ్వాలి. ఆ మాట చెప్పిన నోటితోనే, నీ ఉద్యోగం సంగతి కూడా సోమవారమే చూద్దాం అంది. ఆవిడ రెండు ముక్కలూ విడివిడిగానే చెప్పింది. వాటికి ముడి వేసుకున్నది మాత్రం చైతన్యే. బూట్లు నెగ్గితే తను నెగ్గినట్టు, అంతే.

నిజానికి ఆ బూట్లు అతనూ వారం రోజులు వేసుకున్నాడు. ట్రైన్ స్టేషన్ మెట్ల మీద రెండుసార్లు పక్కకి ఒరిగాడు. కానీ ఎలా ఉన్నాయని లిమ్ మేడమ్ అడిగింది కాఫీ దుకాణంలో, అదీ తనకి కాఫీ కొనిపెట్టి ఎదురుగా కూర్చుని. మనిషి చేత కాఫీ కొనిపించుకుని ఆమె బూట్లు ఒరుగుతున్నాయని చెప్పడానికి నోరెలా వస్తుంది? చాలా బాగున్నాయని చెప్పాడు.

ఇక మనుషుల ఎంపిక. కృష్ణచైతన్యది అమలాపురం. సింగపూర్‌లో అతనికి తెలిసిన పెద్దవాళ్ళు ఒకరిద్దరు తప్ప అంతా గోదావరి జిల్లాల వాళ్ళే. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో పెద్ద హోదాలో ఉన్న వీరభద్రరావు గారు, ఆయన భార్య నాగరత్నం గారు, వాళ్ళ బ్లాకులోనే ఉండే జగన్మోహనరావు గారు, ఆయన భార్య సుభద్ర గారు. నలుగురూ అడిగిన మరుక్షణం ఒప్పుకున్నారు. ఐదో మనిషి పక్క బ్లాకు బంగారయ్య గారు. ఆయన తాత ఎప్పుడో శ్రీకాకుళం నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చినవాడు. బంగారయ్య గారు ఇక్కడే పుట్టి, ముప్పై ఏళ్ళు బస్సు తోలి రిటైరయ్యారు. తెలుగు మాట్లాడతారు గానీ అందులో సగం అరవం, మలయ్ కలిసి ఉంటాయి.

బూట్ల సైజు ఎంతని చైతన్య అందరికీ ఫోన్ చేసి అడిగాడు. బంగారయ్య గారు ఎనిమిది అని చెప్పి ఫోన్ పెట్టేశారు. మిగతా నలుగురూ, ఏదైనా పర్లేదు బాబూ, నీ దగ్గరున్నవే తీసుకురా, మా గురించి ఇబ్బంది పడకు అన్నారు. ఎంత మంచివాళ్ళో అనుకుని అతను ఉజ్జాయింపుగా పట్టుకొచ్చాడు.

శుక్రవారం సాయంత్రం నిఖిల ఒక ప్రశ్న వేసింది. పొద్దున్నే ఏడింటికి పెద్దవాళ్ళని పిలిచి, ఖాళీ కడుపులతో కొండెక్కించి పంపించేస్తారా అని. ఇదేదో ఆఫీసు పని, పార్టీ కాదన్నాడు చైతన్య.

"ఆఫీసు మీది. ఇల్లు నాది. మా ఇంటికొచ్చి కాఫీ నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళారంటే రేపు నేను వాళ్ళ మొహాలు చూడక్కర్లేదా?"

దానికి జవాబు లేదు. గోదావరి జిల్లాలో పుట్టిన ఏ మగాడి దగ్గరా ఉండదు. కాబట్టి శనివారం పొద్దున్న పార్కుకి ముందు పెసరట్టు ఉప్మా వచ్చి కూర్చుంది. దాని వెనకాల అల్లం పచ్చడి, కొబ్బరి పచ్చడి, ఫిల్టర్ కాఫీ. వీరభద్రరావు గారు మూడు అట్లు తిని, సింగపూర్ వచ్చిన పద్దెనిమిదేళ్ళలో ఇలాంటి పెసరట్టు తినలేదన్నారు. నాగరత్నం గారు ఆ మాట విననట్టు పచ్చడి వడ్డించుకున్నారు. బంగారయ్య గారు మాత్రం ఏడు దాటాక సరాసరి పార్కుకే వచ్చారు. టిఫిను డబ్బాలో పెట్టి తెచ్చామంటే, "నేను మకాన్ చేసే వచ్చా తంబీ, కడుపు ఫుల్" అని చెయ్యి ఊపేశారు. ఆయనొక్కరే ఏమీ తినలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

పరీక్ష మొదలైంది. పార్కు చుట్టూ రెండు రౌండ్లు నడక, తర్వాత మెట్లెక్కి దిగడం, తర్వాత ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడటం, ఆఖర్న రెండొందల మీటర్లు మెల్లగా పరుగు. వీరభద్రరావు గారిది ఎనిమిదో నంబరు కాలు, దొరికింది తొమ్మిదో నంబరు బూటు. ఆయన అడుగు వేస్తే బూటు అరక్షణం ఆలస్యంగా వచ్చేది. సుభద్ర గారికి తగిలినవి ఒక నంబరు బిగుతు. మొదటి రౌండులోనే ఆవిడ మొహంలో రంగులు మారాయి, పైకి మాత్రం నవ్వుతూనే ఉన్నారు. ఏటవాలు దారిలో దిగుతుంటే నలుగురూ ఒకే వైపుకి ఒరిగి, ఒకేసారి రెయిలింగు పట్టుకున్నారు. జగన్మోహనరావు గారు అటు తిరిగి, గాలి బాగుంది కదండీ అన్నారు.

ఒంటికాలి మీద నిలబడమంటే వీరభద్రరావు గారు నాలుగు దాకా లెక్కపెట్టి, చెట్టుకి చెయ్యి ఆనించి, మిగతా ఆరు చెట్టు సాయంతో పూర్తి చేశారు. పరుగు దగ్గరికొచ్చేసరికి అసలు ముచ్చట జరిగింది. ఎనభై అడుగులు వేశారో లేదో, కుడి బూటు లోపలికి నొక్కుకుపోయి, కాలు బయటి పక్కకి మెలి తిరిగి, ఆయన గడ్డి మీద చతికిలబడ్డారు. చైతన్య పరిగెత్తుకెళ్ళి లేవనెత్తాడు.

"అంకుల్, దెబ్బ తగిలిందాండీ? బూటు వల్లేనా?"

"ఛ ఛ, బూటుకేం, పువ్వులా ఉంది బాబూ. ఇక్కడేదో రాయి ఉన్నట్టుంది."

అక్కడ రాయి లేదు. ఆ పార్కులో రోజూ పొద్దున్నే ఆకు కూడా లేకుండా ఊడుస్తారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మనవాళ్ళంటారు. వీరభద్రరావు గారు ఆ రోజు కాలు జార్చుకుని నోరు కాపాడుకున్నారు.

కాగితాల ఘట్టానికి నాగరత్నం గారు టిష్యూ ప్యాకెట్ పెట్టి ముందే బెంచీ చోప్ చేసి, అంటే ఎవరూ కూర్చోకుండా ఆపి ఉంచారు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. పాదానికి సరిపోయిందా, మెత్తదనం ఎంత, తిరిగేటప్పుడు నిలకడ ఉందా, మెట్ల మీద భయం వేసిందా, ఇలాంటివి. జగన్మోహనరావు గారు పెన్ను పట్టుకుని, దీన్ని ఎవరు చూస్తారని అడిగారు. మా మేడమే చూస్తారని చైతన్య చెప్పాడు. ఓహో అని ఆయన వీరభద్రరావు గారి కాగితంలోకి ఓసారి చూసి, మరి తల ఎత్తకుండా పదింటికీ ఐదులు చుట్టేశారు. పెద్దాయన యాభై వేస్తే తను నలభై తొమ్మిది వెయ్యడమేమిటి, ఏం బాగుంటుంది?

ఇక్కడ వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. పొద్దున్నే ఒకరింట్లో మూడేసి అట్లు తిన్నాక మార్కులెయ్యమంటే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టమన్నట్టే. మొహమాటం మీద మనవాళ్ళకో మోటు సామెత ఉంది. అదిక్కడ రాయడానికి నాకే మొహమాటంగా ఉంది.

నాలుగు కాగితాలూ యాభైకి యాభై. ఐదోది బంగారయ్య గారిది, యాభైకి పదకొండు. నిలకడ అన్నచోట ఒకటి చుట్టి, దాని మీద మళ్ళీ గీత గీశారు. చైతన్య ఆ గీత మీద వేలు పెట్టి, ఇదేమిటండీ అన్నాడు.

"ఈ కసుత్ గోయాంగ్ తంబీ," అన్నారాయన, బూటు వైపు చూపించి అరచెయ్యి అటూ ఇటూ ఊపుతూ. "సుమ్మా చెప్పట్లేదు. మెత్తగానే ఉంది. కానీ కింద నేల ఎక్కడుందో కాలికి తెలీట్లేదు. బస్సుకి టైరు మెత్తగా ఉందనుకో, మలుపులో ఏమవుద్ది? ముసలోళ్ళు పడతారు లా."

చైతన్య తల ఊపాడు గానీ మనసు వేరే దారి పట్టింది. ఈయన ఆలస్యంగా వచ్చాడు. వయసా డెబ్బై. దేనికీ ఓ పట్టాన ఒప్పుకోని మనిషి. నలుగురు బాగుందంటే ఒకడు కాదన్నాడంటే, తేడా ఆ ఒకడిలోనే ఉంటుంది కదా. అలా తనకి తనే నచ్చజెప్పుకుని, నాలుగు కాగితాలు ఫోటోలు తీసి, పొద్దున్న ఇంట్లో తీసిన గ్రూపు ఫోటోతో పాటు లిమ్ మేడమ్‌కి పంపించి, ఐదోదాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పని చేస్తున్నంతసేపూ సరయు మొహమే గుర్తు తెచ్చుకున్నాడు.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. ఇరవై ఏళ్ళుగా బూట్ల వ్యాపారంలో ఉన్నాను, యాభైకి యాభై ఎప్పుడూ చూడలేదు అని రాసింది ఆవిడ. ఆ వెంటనే ఇంకోటి. మార్కులు వెయ్యడం వేరు, కొనడం వేరు, కొంటారేమో అడుగు.

చైతన్య వాళ్ళ వాట్సాప్ గ్రూపులో, మీకు ఎన్ని జతలు కావాలో చెప్పగలరా అని మర్యాదగా ఒక ముక్క పెట్టాడు. అతనికి అది వట్టి ప్రశ్న. అవతల వాళ్ళకి అలా వినపడలేదు. నాగరత్నం గారికి ఉద్యోగం సంగతి తెలుసు కదా, ఆవిడ భర్త చెవిలో వేశారు. పాపం, కుర్రాడికి ఇన్ని అమ్మాలని టార్గెట్ పెట్టినట్టున్నారు, అమ్మకపోతే తీసేస్తారు కాబోలు అని. వీరభద్రరావు గారు సోఫాలో కాలికి ఐసు పెట్టుకుని, నాలుగు జతలు అని టైపు చేశారు. అది చూసి జగన్మోహనరావు గారు ఐదు అన్నారు. ఎంతైనా పెద్దవాణ్ణి, నేను తగ్గితే బాగుండదని వీరభద్రరావు గారు నాలుగు కొట్టేసి ఏడు పెట్టారు. సుభద్ర గారు కాలి బొటనవేలికి పట్టీ వేసుకుంటూ, మా భజన మండలి వాళ్ళకో ఏడు అని రాశారు. మండలి వాళ్ళని అడగను కూడా లేదు. సాయంత్రానికి మొత్తం పంతొమ్మిది జతలు. బంగారయ్య గారు ఆ గ్రూపులో లేరు.

లిమ్ మేడమ్‌కి పంతొమ్మిది అని పంపాడు. ఈసారి ఆవిడ ఫోనే చేసింది. వెయ్యి కాదు, ఐదు వేల జతలు తెప్పిద్దామంది. పెద్దవాళ్ళు చేరే క్లబ్బులు, క్లినిక్కులు, అన్నిచోట్లా పెట్టిద్దామంది. సోమవారం పొద్దున్న వీడియో తీసే మనిషిని పంపుతాను, ఆ ఫోటోలో ఠీవిగా నిలబడ్డ పెద్దాయన పార్కులో పరిగెడుతుంటే తీద్దామంది. ఠీవిగా నిలబడ్డ పెద్దాయనంటే వీరభద్రరావు గారు. ఆ ఫోటో పెసరట్టు తిన్నాక, బూట్లు తొడుక్కోకముందు తీసింది.

ఆదివారం మధ్యాహ్నం చైతన్య ఆయన్ని అడగడానికి వెళ్ళాడు. నాగరత్నం గారు తలుపు జానెడు తెరిచి, అంకుల్ గుడికెళ్ళారు బాబూ అన్నారు. ఆయన చెప్పులు తలుపు బయటే ఉన్నాయి. పరీక్ష బూట్లు కూడా ఆ పక్కనే ఉన్నాయి. లోపల టీవీలో క్రికెట్, దాని మీద ఆయన దగ్గు. పద్దెనిమిదో అంతస్తు నుంచి మనిషి ఉత్తకాళ్ళతో గుడికెళ్ళాడా? అన్నిటికంటే పెద్ద ముల్లు ఏమిటంటే, నాగరత్నం గారు లోపలికి రమ్మనలేదు. మంచినీళ్ళు కావాలా అని అడగలేదు. అతనికి ఊహ తెలిశాక తెలుగువాళ్ళ గుమ్మంలో మంచినీళ్ళు అడగకుండా పంపించడం అదే మొదటిసారి.

కుడితిలో పడ్డ ఎలుకలా ఇల్లు చేరి నిఖిలకి చెప్పాడు. ఆమె కూర్చుని ఆలోచించి, కారణం పట్టేసింది. శనివారం వెళ్ళేటప్పుడు సుభద్ర ఆంటీకి మాత్రం అల్లం పచ్చడి చిన్న సీసాలో పోసి ఇచ్చింది, ఆవిడ అడిగింది కాబట్టి. నాగరత్నం ఆంటీకి ఇవ్వలేదు, ఆవిడ అడగలేదు కాబట్టి. ఇంకేం, మనసు నొచ్చుకుని ఉంటారు. పైగా వీరభద్రరావు అంకుల్ ఆ పెసరట్టుని మెచ్చుకోవడం ఒకటి.

"సీసా పచ్చడికి ఐదు వేల జతలు ఆగిపోతాయా?" అన్నాడు చైతన్య.

"పచ్చడికి పెళ్ళిళ్ళే ఆగిపోయాయి మా ఊళ్ళో. మీరు శనగపప్పు నానబెట్టండి."

సాయంత్రం ఐదింటికి నిఖిల వండిన పూర్ణం బూరెలు ఇరవై నాలుగు, అల్లం పచ్చడి పెద్ద సీసా ఒకటి పట్టుకుని ఇద్దరూ మళ్ళీ ఆ పద్దెనిమిదో అంతస్తుకి వెళ్ళారు. ఆడపిల్ల బూరెలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే తలుపు జానెడు తెరిచి మాట్లాడటం నాగరత్నం గారి తరం కాలేదు. రండి రండి అనక తప్పింది కాదు. లోపల సోఫాలో వీరభద్రరావు గారు దొరికిపోయారు. అయినా ఆయన మర్యాద మర్చిపోయే మనిషి కాదు. ఇంటికొచ్చిన వాళ్ళని కూర్చోమనాలంటే తను లేవాలి. లేచారు. ఒక్క అడుగు వేసి, "రా బాబూ" అంటూనే మళ్ళీ సోఫాలో కూలబడ్డారు. కాలి మీది తువ్వాలు జారిపోయింది.

చీలమండ వాచి నిఖిల చేతిలో ఉన్న బూరెలకంటే పెద్దదై కూర్చుంది. రంగు మాత్రం వంకాయది.

టీవీలో ఎవడో సిక్సర్ కొట్టాడు. చైతన్య వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ఇదంతా ఆ బూట్ల వల్లే కదండీ?"

"బూట్లదేం లేదు బాబూ. నా కాలే సరిగ్గా పుట్టలేదు."

నాగరత్నం గారు ఇక ఉండబట్టలేకపోయారు. అంత వాచినా డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదో, ఎవరైనా చూసి అడిగితే బూట్ల పేరు చెప్పాల్సి వస్తుందని ఎలా భయపడ్డారో, పొద్దున్నుంచి ఆ కాలితోనే గోడ పట్టుకుని బాత్రూముకి ఎలా గెంతుతున్నారో అంతా చెప్పేశారు. ఏడు జతలు దేనికండీ అని తను అడిగితే, పిల్ల చదువు మధ్యలో ఆగిపోతే మన కాళ్ళు చల్లగా ఉండి ఏం లాభం అన్నారట.

చైతన్య జారిపోయిన తువ్వాలు తీసి ఆయన కాలి మీద కప్పాడు. ఈయన తనకి చుట్టం కాదు, పక్కం కాదు. రెండేళ్ళ పరిచయం. తన ఉద్యోగం కోసం విరగబోయిన కాలు దాచుకున్నాడు. ఆ కాలినే సోమవారం పరుగు పెట్టించి, ఆ వీడియో క్లినిక్కుల్లో చూపించబోతున్నారు. ఐదు వేల జతలంటే ఐదు వేలమంది అంకుల్సూ ఆంటీలూ. వాళ్ళ పక్కన చెట్టు ఉంటుందో ఉండదో. సిగ్గుతో తల దించుకుంటే జేబులో మడత కాగితం గుచ్చుకుంది. ప్యాంటు మార్చనందుకు తనని తనే తిట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న వీడియో వద్దని మెసేజ్ పెట్టి, తొమ్మిదింటికే ఆఫీసులో లిమ్ మేడమ్ ముందు నిలబడ్డాడు. రాత్రి నిఖిలతో అనుకునే వచ్చాడు. నిఖిల ఒక్కటే అంది, పెట్టెలు సర్దడానికి నాకు రెండు రోజులు చాలు అని. అతను నాలుగు కాగితాలతో పాటు ఐదోది కూడా టేబుల్ మీద పెట్టి, ముందు నుంచి చివరిదాకా అన్నీ చెప్పాడు. తప్పు సైజులు, చెట్టు, లేని రాయి, వాచిన చీలమండ, పంతొమ్మిది జతల కథ. ట్రైన్ మెట్ల మీద తను ఒరగడం కూడా చెప్పేశాడు. ఈ బూట్లు తెప్పించవద్దని, తెప్పిస్తే పెద్దవాళ్ళు పడతారని అన్నాడు. ఆర్నెల్లలో ఆవిడతో అతను కాదన్న మాట అదొక్కటే.

లిమ్ మేడమ్ బంగారయ్య గారి కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత ఇంగ్లీషులో ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"టిఫిను ఎప్పుడు పెట్టావు? ముందా, తర్వాతా?"

"ముందే మేడమ్."

"ఈయనకి?"

"ఈయన తినలేదు."

ఆవిడ నాలుగు యాభైల కాగితాలు తీసి చించి బుట్టలో పడేసింది. "పైసే," అంది, వాళ్ళ భాషలో మొహమాటానికి పేరది. మీవాళ్ళకే ఉందనుకోకు ఈ మొహమాటం, మా అమ్మ కూడా అంతే, పెళ్ళికి పిలిచినవాళ్ళు మాడిన చేప పెట్టినా రెండోసారి అడిగి వేయించుకుంటుంది అంది. ఆ పళంగా అవతలి కంపెనీకి ఫోన్ చేసి వద్దని చెప్పేసింది. తర్వాత సొరుగులోంచి ఒక కవరు తీసి, పక్కన పెట్టుకుని, చైతన్య వైపు తిరిగింది.

నువ్వు టెస్టింగ్‌కి పనికిరావు, అంది. మనుషులకి ముందు తిండి పెడతావు, సైజు కనుక్కోలేవు, నచ్చని మార్కులు జేబులో పెట్టుకుంటావు. రెండు రోజులు ఆలస్యంగా నిజం చెబుతావు. చైతన్య అవునన్నాడు. ప్రతి ముక్కా నిజమే, ఏమని కాదంటాడు? మనసులో అప్పుడే సరయు బడి నుంచి టీసీ తీసుకోవడానికి ఎవరికి అర్జీ పెట్టాలో ఆలోచిస్తున్నాడు.

"ఒకటి చెప్పు," అంది ఆవిడ. "ఆ పెద్దాయన కాలికి ఐసు పెట్టుకుని మరీ ఏడు జతలు అడిగాడా?"

"అడిగారు మేడమ్."

"నువ్వు తగ్గింపు ఏమైనా ఇస్తానన్నావా?"

"లేదు మేడమ్. ఎన్ని కావాలని అడిగానంతే."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, నా దగ్గర ఆరుగురు సేల్స్‌మెన్ ఉన్నారు, మంచి బూట్లు ఇచ్చి పంపినా నెలకి ఒక్కొక్కడు పదకొండు జతలు దాటించడు, నువ్వు మనుషుల్ని పడేసే బూట్లు పంతొమ్మిది జతలు ఒక్క సాయంత్రంలో, అదీ పడ్డవాళ్ళకే అమ్మావు అంది. కవరులోంచి కాగితం తీసి, ఉద్యోగం పేరున్న చోట టెస్టింగ్ కొట్టేసి, సేల్స్ అని చేత్తో రాసి, సంతకం పెట్టి ముందుకి తోసింది. ఉద్యోగం ఖాయం.

ఆ సాయంత్రం చైతన్య సరాసరి వీరభద్రరావు గారి ఇంటికి వెళ్ళాడు. నాగరత్నం గారు ఈసారి తలుపు బార్లా తీసి, ముందు మంచినీళ్ళు, ఆ తర్వాత కాఫీ ఇచ్చారు. పెద్దాయన కాలికి డాక్టరు వేసిన కట్టుతో సోఫాలో కూర్చుని కథంతా విన్నారు. పిల్ల చదువు ఆగదని తెలియగానే కళ్ళు చెమర్చాయి. ఏడు జతలూ రద్దని తెలిశాక ఇంకాస్త ఊపిరి తీసుకున్నారు. అతన్ని దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, ఆ పరీక్షల పని నీకు పడదని నాకు మొదట్నుంచీ అనిపిస్తూనే ఉంది బాబూ, చెబితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను అన్నారు.